టెర్మినల్లో తెలుగు డబ్బాలు: ఫాంటు మార్చే ముందు ఆ డబ్బాను చదవండి

లైనక్స్ టెర్మినల్లో తెలుగు అక్షరాల బదులు చదరపు డబ్బాలు కనపడితే మొదట గుర్తొచ్చే మందు ఫాంటు. దొరికిన తెలుగు ఫాంట్లన్నీ దించి ఎక్కిస్తాం, మెషిన్ రీస్టార్ట్ చేస్తాం, డబ్బాలు మాత్రం డబ్బాలుగానే ఉంటాయి. రోగమొకటి, మందొకటి. అక్షరం తెర మీదికి రావాలంటే మూడు పనులు సవ్యంగా జరగాలి. బైట్లను యూటీఎఫ్-8గా (యూనికోడ్ అక్షరాలను బైట్లలో రాసే పద్ధతి) చదవాలి, ఆ అక్షరానికి బొమ్మ ఉన్న ఫాంటు దొరకాలి, ఆ బొమ్మను టెర్మినల్ తన గళ్ళలో ఇమడ్చాలి. ఈ మూడింటిలో ఏది చెడిందో తెర మీద కనిపించే గుర్తే చెప్పేస్తుంది.

కమాండ్లను ఇక్కడ పలికినట్టే రాశాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే. పెద్దక్షరం కావాల్సిన చోట విడిగా చెప్పాను, మిగతావి మామూలుగా వాడే తీరులోనే.

గ్నోమ్ టెర్మినల్ లాంటి వాటిలో డబ్బా లోపల చిన్న అంకెలు ఉంటాయి. స్క్రీన్‌షాట్ తీసి జూమ్ చేసి చదవండి. 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ మధ్య ఉంటే అది తెలుగు అక్షరమే, ఎన్‌కోడింగ్ బాగుంది, బొమ్మ ఉన్న ఫాంటు మాత్రం లేదు. 0సీ24 అంటే త. ఈ0బీ0 లాంటి సంఖ్యలు, అంటే ఈ000 నుంచి ఎఫ్8ఎఫ్ఎఫ్ వరకు ఉంటే తెలుగుతో సంబంధం లేదు, మీ ప్రాంప్టులోని బాణాలూ ఐకాన్లూ అవి. నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం కనిపిస్తే టెర్మినల్‌కు చేరిన బైట్లే చెల్లని యూటీఎఫ్-8. ఉత్త ప్రశ్నార్థకాలు వస్తే ప్రోగ్రామే చేతులెత్తేసిందని, అది లొకేల్ (సిస్టమ్ భాష, ఎన్‌కోడింగ్ సెట్టింగు) సంగతి. అండర్‌స్కోర్లు వరుసగా వస్తే టీమక్స్ (ఒకే విండోలో పలు టెర్మినళ్ళు నడిపే ప్రోగ్రామ్) పని. చుక్కల సున్నా మీద గుణింతం గుర్తు వేలాడుతుంటే ఫాంటు ఉంది, టెర్మినల్ గుర్తునూ హల్లునూ విడగొట్టేసింది. తల మీద గీత ఉన్న ఇంగ్లీషు 'ఏ', పక్కనే డిగ్రీ గుర్తు మాటిమాటికీ వస్తుంటే, యూటీఎఫ్-8 తెలుగును ఎవరో లాటిన్-1గా చదివారని అర్థం. తెలుగు అక్షరాల మొదటి రెండు బైట్లు ఎప్పుడూ ఈ0 బీ0 లేదా ఈ0 బీ1 కావడమే దానికి కారణం.

ఇంకో రకం ఉంది, దాన్ని ఏ ఫాంటూ బాగుచేయలేదు. డీటీపీ షాపు నుంచి వచ్చిన, 'అను' అనే తెలుగు ఫాంట్లతో చేసిన ఫైలును టెర్మినల్లో తెరిస్తే పిచ్చి గుర్తులే వస్తాయి, ఎందుకంటే అందులో తెలుగు లేదు. లాటిన్ సంకేతాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చిన ఏర్పాటు అది. ముందు యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ వాడాలి, ఆ తర్వాతే మిగతా మాటలు.

లొకేల్ నుంచి మొదలుపెడదాం, చిటికెలో తేలిపోతుంది కాబట్టి. 'లొకేల్ చార్‌మ్యాప్' కొట్టండి. జవాబు యూటీఎఫ్-8 అని రావాలి. 'ఏఎన్ఎస్ఐ_ఎక్స్3.4-1968' అని వస్తే సిస్టమ్ వట్టి ఆస్కీలో (ఇంగ్లీషుకే సరిపోయే ఎన్‌కోడింగ్) నడుస్తోంది. అప్పుడు 'ఎల్ఎస్' తెలుగు పేర్లను \340\260\244 లాంటి అంకెలుగా చూపిస్తుంది. త అక్షరపు మూడు బైట్లను ఆక్టల్‌లో రాస్తే అదే. 'లెస్' అయితే అవే బైట్లను కోణాల బ్రాకెట్లలో చూపిస్తుంది. తమాషా ఏమిటంటే అదే విండోలో పైథాన్ తెలుగును చక్కగా ప్రింట్ చేయొచ్చు. 3.7 వెర్షన్ నుంచి పైథాన్ సీ లొకేల్ (ఏ లొకేల్ పెట్టనప్పుడు ఉండే డిఫాల్ట్) కనిపిస్తే తనంతట తానే యూటీఎఫ్-8కి మారిపోతుంది. ఎల్ఎస్‌లో అంకెలు, పైథాన్‌లో తెలుగు కనిపిస్తే ఫాంటు జోలికి వెళ్ళకండి.

డెబియన్, ఉబుంటుల్లో '/ఈటీసీ/లొకేల్.జెన్' ఫైల్లో మీ లొకేల్ లైను ముందున్న హ్యాష్ తీసేసి, సూడోతో 'లొకేల్-జెన్' నడిపి, 'లొకేల్‌సీటీఎల్ సెట్-లొకేల్'తో విలువ పెట్టాలి. లొకేల్ పూర్తిగా చెడితే గ్నోమ్ టెర్మినల్ అసలు తెరుచుకోదు, లాగ్‌లో యూటీఎఫ్-8 కాని లొకేల్ చెల్లదన్న వాక్యం ఉంటుంది. అప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి టెక్స్ట్ కన్సోల్‌లోకి వెళ్ళి సరిచేయండి.

మన దగ్గర ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఇండియా ఎంచుకుని ఇన్‌స్టాల్ చేసిన మెషిన్లలో 'ల్యాంగ్' విలువ 'ఈఎన్_ఐఎన్' అని మాత్రమే ఉండటం మామూలే, చివర యూటీఎఫ్-8 అన్న తోక ఉండదు. లైనక్స్ ప్రోగ్రాములు వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో ఈఎన్_ఐఎన్, టీఈ_ఐఎన్ రెండూ పుట్టుకతోనే యూటీఎఫ్-8 కాబట్టి ఎవరికీ ఇబ్బంది రాదు, టీమక్స్‌కు తప్ప. అది ఎల్‌సీ_ఆల్, ఎల్‌సీ_సీటైప్, ల్యాంగ్ ఈ వరుసలో మొదట దొరికిన దాని పేరులో యూటీఎఫ్-8 అన్న మాట ఉందా అని అక్షరాలు వెతుకుతుంది. లేకపోతే తెలుగంతా అండర్‌స్కోర్లే. బయట టెర్మినల్లో బాగున్న ఫైలు టీమక్స్ లోపల పాడైతే కారణం ఇదే. తక్షణ వైద్యం 'టీమక్స్ -యూ అటాచ్'. శాశ్వత వైద్యం ల్యాంగ్ విలువను 'ఈఎన్_ఐఎన్.యూటీఎఫ్-8' అని పూర్తిగా రాయడం. కొత్త లొకేల్ ఏదీ తయారుచేయక్కర్లేదు, రెండు పేర్లూ ఒక్కదానివే.

ఎస్ఎస్‌హెచ్‌తో వేరే సర్వర్లోకి వెళ్ళినప్పుడు మాత్రమే పాడైతే, మీ లొకేల్ పేరు అక్కడికి చేరింది కానీ అక్కడ ఆ లొకేల్ తయారై లేదు. అప్పుడు సర్వర్ సీ లొకేల్‌లోకి జారిపోతుంది. ఆ మెషిన్ మీద మీకు అధికారం లేకపోతే 'ఎల్‌సీ_ఆల్=సీ.యూటీఎఫ్-8' అని ముందు పెట్టి ఎస్ఎస్‌హెచ్ కమాండ్ నడపండి. డెబియన్ కుటుంబంలో సీ.యూటీఎఫ్-8 చాలాకాలంగా ఉంది, గ్లిబ్‌సీలోకి 2022లో 2.35తో చేరింది.

గిట్ వేరే లోకం. లొకేల్ ఎంత బాగున్నా 'గిట్ స్టేటస్' తెలుగు ఫైలు పేర్లను ఆక్టల్ అంకెల్లోనే చూపిస్తుంది, అది దాని డిఫాల్ట్. 'గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్' అని ఒక్కసారి కొడితే సరిపోతుంది.

ఇక నిజంగానే ఫాంటు లేకపోతే. 'ఎఫ్‌సీ-లిస్ట్ :ల్యాంగ్=టీఈ ఫ్యామిలీ' కొడితే తెలుగు ఫాంట్ల పేర్లు రావాలి. ఈ వడపోత గట్టిది, ఫాంట్లను వెతికిపెట్టే ఫాంట్‌కాన్ఫిగ్ తెలుగుకు అవసరమనుకున్న అక్షరాల్లో ఒక్కటి తగ్గినా ఆ ఫాంటును జాబితాలో చేర్చదు. అందుకని 'ఎఫ్‌సీ-లిస్ట్ :చార్‌సెట్=0సీ24' కూడా చూడండి. రెండూ ఖాళీ అయితే డెబియన్, ఉబుంటుల్లో 'ఫాంట్స్-నోటో-కోర్', ఫెడోరాలో 'గూగుల్-నోటో-శాన్స్-తెలుగు-ఫాంట్స్', ఆర్చ్‌లో 'నోటో-ఫాంట్స్' ప్యాకేజీ ఎక్కించండి. లోహిత్ తెలుగు, పోతన, వేమన కూడా డిస్ట్రోల్లో దొరుకుతాయి. టెర్మినల్ వరకు నా ఓటు నోటో శాన్స్ తెలుగుకే. గీత సమంగా ఉంటుంది కాబట్టి చిన్న సైజులో కళ్ళు చికిలించక్కర్లేదు. పోతన అచ్చులో అందంగా ఉంటుంది, 11 పాయింట్ల టెర్మినల్లో సన్న గీతలు మాయమైపోతాయి.

అంతా బాగుండి ఒకటి రెండు అక్షరాలే డబ్బాలవుతున్నాయంటే ఫాంటు పాతది. ఉదాహరణకు నకారపొల్లు యూనికోడ్‌లోకి వచ్చిందే 2021లో, 14.0 వెర్షన్‌తో. అంతకు ముందు తయారైన ఫాంటులో అది ఉండదు. పాత పద్యాలు, శాసనాల పాఠాలు టైపు చేసేవాళ్ళకు ఇది తగులుతుంది.

విడిగా దించుకున్న ఫాంటును హోమ్ డైరెక్టరీలో '.లోకల్/షేర్/ఫాంట్స్' కింద పెట్టి 'ఎఫ్‌సీ-క్యాష్ -ఎఫ్ -వీ' నడపండి. సూడోతో '/యూఎస్ఆర్/షేర్/ఫాంట్స్'లోకి కాపీ చేస్తే అనుమతులు చూసుకోండి. ఫైలు 600 మోడ్‌తో పడితే రూట్‌కు కనిపిస్తుంది, మీకు కనిపించదు, గంట వృథా. ఎక్కించాక టెర్మినల్ విండో మూసి తెరిస్తే చాలదు. గ్నోమ్ టెర్మినల్ విండోలన్నిటినీ వెనక ఒకే సర్వర్ ప్రాసెస్ నడుపుతుంది, అన్నీ మూస్తేనే కొత్త ఫాంటు దానికి తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, నోటో శాన్స్ తెలుగునే టెర్మినల్ ప్రధాన ఫాంటుగా పెట్టడం. నోటో, లోహిత్, పోతన ఏవీ మోనోస్పేస్ (అన్ని అక్షరాలూ ఒకే వెడల్పు) కావు. అలా పెడితే గడి వెడల్పు లెక్క తప్పి ఇంగ్లీషు అక్షరాలు ఒకదానికొకటి దూరంగా, పళ్ళు ఊడిన దువ్వెనలా కనిపిస్తాయి. ప్రధాన ఫాంటు డెజావు శాన్స్ మోనో లాంటి మోనోస్పేస్ ఉండాలి, తెలుగు దానికి వెనక వరుసలో అందాలి. ఇప్పుడు ఏది అందుతోందో తెలియాలంటే 'ఎఫ్‌సీ-మ్యాచ్' తర్వాత కోట్లలో మీ ఫాంటు పేరు, కోలన్, చార్‌సెట్=0సీ24 అని ఇవ్వండి.

వచ్చిన పేరు నచ్చకపోతే '.కాన్ఫిగ్/ఫాంట్‌కాన్ఫిగ్/ఫాంట్స్.కాన్ఫ్' ఫైల్లో నియమం రాయాలి. ఇంటర్నెట్లో కనిపించే సలహా ఏమిటంటే మోనోస్పేస్ అన్న పేరుకు ఎలియాస్ రాసి, ప్రిఫర్ కింద తెలుగు ఫాంటు చేర్చమని. టెర్మినల్లో 'మోనోస్పేస్' అనే ఎంచుకుని ఉంటే పనిచేస్తుంది. కానీ కొత్తగా దించుకున్న కోడింగ్ ఫాంటు పెట్టుకున్నవాళ్ళకు పనిచేయకపోవచ్చు. తన 45-లాటిన్ ఫైల్లో పేరు లేని ఫాంటు మోనోస్పేస్ జాతిదని ఫాంట్‌కాన్ఫిగ్‌కు తెలియదు. తర్వాత వచ్చే 49-శాన్స్‌సెరిఫ్ ఫైలు దాని వెనక శాన్స్-సెరిఫ్ అని తగిలించేస్తుంది, మీ మోనోస్పేస్ నియమం వంక ఎవరూ చూడరు.

అందుకని నియమం నేరుగా మీ ఫాంటు పేరు మీదే రాయండి. ఫాంట్‌కాన్ఫిగ్ ట్యాగు లోపల ఎలియాస్ ట్యాగు, దానికి బైండింగ్="సేమ్" అన్న గుణం. అందులో ఫ్యామిలీ ట్యాగులో మీ టెర్మినల్ ఫాంటు పేరు. దాని కింద ప్రిఫర్ కాదు, యాక్సెప్ట్ ట్యాగు, అందులో ఫ్యామిలీగా నోటో శాన్స్ తెలుగు. ప్రిఫర్ పెడితే తెలుగు ఫాంటు మీ ఫాంటుకు ముందు చేరి మళ్ళీ దువ్వెన కథే. యాక్సెప్ట్ దాని వెనక చేరుస్తుంది. బైండింగ్ మరిచిపోతే నియమం బలహీనంగా పడుతుంది. అప్పుడు ఫాంట్‌కాన్ఫిగ్ భాషకు ఎక్కువ విలువిచ్చి, ఇంగ్లీషు కూడా ఉన్న ఇంకేదో తెలుగు ఫాంటును ముందుకు తోసేయొచ్చు. శీర్షికల కోసం చేసిన లావు ఫాంటు టెర్మినల్లో ఉన్నట్టుండి ప్రత్యక్షమైతే ఇదే కారణమని అనుమానించండి.

కిట్టీ టెర్మినల్ వాడేవాళ్ళకు ఈ తంటా లేదు. దాని కాన్ఫిగ్‌లో 'సింబల్_మ్యాప్', తర్వాత యూ+0సీ00-యూ+0సీ7ఎఫ్, తర్వాత ఫాంటు పేరు, ఒక్క లైను. ఫుట్ టెర్మినల్ అయితే ఫాంట్ లైన్లోనే కామా పెట్టి రెండో ఫాంటు ఇవ్వొచ్చు, దానికి విడిగా సైజు కూడా. ఈ సైజు చాలా ఉపయోగం, తెలుగు అక్షరం పక్కనున్న ఇంగ్లీషు కంటే పొడవు పెరుగుతుంది కాబట్టి ఒక పాయింటు తగ్గిస్తే వరుస కుదురుతుంది.

ప్రాంప్టు ఐకాన్ల డబ్బాలకు ఐకాన్లు చేర్చిన నెర్డ్ ఫాంట్ కావాలి. ఒకే ఫాంటు మూడు రూపాల్లో వస్తుంది. చివర 'మోనో' ఉన్నదాంట్లో ఐకాన్ ఒక్క గడిలో ఒదుగుతుంది, 'ప్రొపో' టెర్మినల్‌కు పనికిరాదు, ఏమీ లేనిదాంట్లో ఐకాన్లు పెద్దవిగా ఉండి పక్క గడిలోకి చొచ్చుకొస్తాయి. అప్‌డేట్ తర్వాత కొన్ని ఐకాన్లే పోతే అది 2023లో వచ్చిన 3.0 మార్పు. మెటీరియల్ డిజైన్ ఐకాన్లను పాత స్థానాల నుంచి తీసేశారు, ప్రాంప్టు థీమ్‌ను కూడా కొత్తదానికి మార్చాలి. ఇలాంటిదే, టెర్మినస్ లాంటి పాత బిట్‌మ్యాప్ ఫాంటు గ్నోమ్ టెర్మినల్ జాబితా నుంచి మాయమైతే అక్షరాలను పేర్చే పాంగో లైబ్రరీ 1.44 వెర్షన్లో వాటికి మద్దతు తీసేయడం వల్ల. ఓటీబీ (ఓపెన్‌టైప్ బిట్‌మ్యాప్) రూపంలో ఉన్నది ఎక్కించుకోండి.

ఫాంటు దొరికాక వచ్చే తర్వాతి బాధ, వత్తుల కాళ్ళు తెగిపోవడం. గడి ఎత్తును టెర్మినల్ ప్రధాన ఇంగ్లీషు ఫాంటును బట్టి కొలుస్తుంది. మన క్ష్మ, ష్ట్ర లాంటివి కింద రెండంతస్తులు దిగుతాయి, అక్కడికి కింది లైను వచ్చి కోసేస్తుంది. గ్నోమ్ టెర్మినల్ ప్రొఫైల్లో టెక్స్ట్ ట్యాబ్‌లో సెల్ స్పేసింగ్ ఎత్తును 1.0 నుంచి 1.2కో 1.3కో పెంచండి. కిట్టీలో 'మాడిఫై_ఫాంట్ సెల్_హైట్ 120%'. అలాక్రిటీలో ఫాంట్ ఆఫ్‌సెట్ వై విలువ పిక్సెళ్ళలో. కేడీఈ టెర్మినల్ అయిన కాన్సోల్‌లో ప్రొఫైల్ అప్పియరెన్స్ కింద లైన్ స్పేసింగ్ ఉంటుంది.

ఇప్పుడు అసలు ముడి. టెర్మినల్ అంటే గళ్ళ నోటుపుస్తకం. ప్రతి అక్షరానికి ఎన్ని గళ్ళో ముందే నిర్ణయం: మామూలు అక్షరానికి ఒకటి, చైనీస్‌కు రెండు, మీద ఎక్కే గుర్తుకు సున్నా. తెలుగులో ఈ పంపకం ఎలా జరిగిందో చూస్తే నవ్వొస్తుంది. ా, ి, ీ, ె, ే, ొ, ో, పొల్లు ఇవి యూనికోడ్ లెక్కలో వెడల్పు లేని గుర్తులు. ు, ూ, ృ, నిండు సున్న (ం) మాత్రం చోటు తీసుకునే గుర్తులు, గ్లిబ్‌సీ వాటికి ఒక్కో గడి ఇస్తుంది. 'తెలుగు', 'స్త్రీ' రెండు మాటలూ ఆరేసి కోడ్‌పాయింట్లు (యూనికోడ్ సంఖ్యలు), 18 బైట్లు. 'ప్రింట్ఎఫ్'తో వీటిని 'డబ్ల్యూసీ'కి పంపి, పెద్దక్షరం ఎల్ ఆప్షన్ పెడితే గళ్ళ లెక్క మొదటిదానికి 5, రెండోదానికి 3 వస్తుంది. కంటికి ఒక్క అక్షరంగా కనిపించే స్త్రీకి మూడు గళ్ళు.

గడికి గడి విడిగా గీసే టెర్మినల్ ఆ మూడు గళ్ళలో స్, త్, రీ అని విడివిడిగా పెడుతుంది. వత్తు కట్టాలంటే మొత్తం గుంపును ఒకేసారి హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ ఇంజనుకు ఇవ్వాలి, ముక్కలుగా ఇస్తే దానికి తెలిసేదెలా. కాబట్టి 'స్‌త్‌రీ' అని కనిపిస్తే ఏ ఫాంటు మార్చినా ఫలితం ఉండదు, టెర్మినల్నే మార్చాలి. అలాక్రిటీ, ఎక్స్‌టర్మ్ షేపింగ్ చేయవు. కేడీఈ కాన్సోల్ ఒకే రంగులో ఉన్న వరుసను కలిపి గీస్తుంది కాబట్టి వత్తులు చాలావరకు కుదురుతాయి, మిగిలిన గళ్ళు మాట తర్వాత ఖాళీగా తేలతాయి. ఫుట్, కిట్టీ కొత్త వెర్షన్లు అక్షర గుంపులను లెక్కలోకి తీసుకుంటాయి. ఈ గుంపుల నియమంలోకి తెలుగు సంయుక్తాక్షరాలు చేరింది 2023లో, యూనికోడ్ 15.1తో. అంతకు ముందు ప్రమాణం ప్రకారమే స్త్రీ మూడు ముక్కలు. ఎంఎల్‌టర్మ్ బహుభాషల కోసమే పుట్టింది, చూడ్డానికి మోటుగా ఉన్నా ఒకసారి ప్రయత్నించవచ్చు.

గుంపులు తెలిసిన టెర్మినల్ పెట్టుకున్నా లోపల నడిచే ప్రోగ్రామ్ వేరే లెక్క వేస్తే కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకొకచోట పడుతుంది. విమ్ ఎడిటర్ దృష్టిలో ు, ూ ముందు అక్షరం మీద ఎక్కే గుర్తులే, గడి అక్కర్లేదు. గ్లిబ్‌సీ లెక్కతో నడిచే టెర్మినల్లో వాటికి గడి ఉంది. లైన్లో ఉకారాలు ఎన్ని ఉంటే కర్సర్ అన్ని గళ్ళు పక్కకు పోతుంది. ఏదైనా అక్షరం మీద సందేహముంటే విమ్‌లో కర్సర్ అక్కడ ఉంచి 'జీఏ' నొక్కితే దాని కోడ్‌పాయింట్లన్నీ చూపిస్తుంది. దిద్దుబాటు పని ఎక్కువుంటే జీవిమ్‌లోనో ఈమ్యాక్స్ గ్రాఫికల్ విండోలోనో చేసుకోండి, టెర్మినల్లో పోరాటం దండగ.

బ్యాష్ స్క్రిప్టుల్లో పట్టికలు వంకరపోవడం కూడా ఈ కోవదే. 'ప్రింట్ఎఫ్'లో పది వెడల్పు అడిగితే బ్యాష్ బైట్లు లెక్కపెడుతుంది. తెలుగు అన్న మాటే 18 బైట్లు, పది ఎప్పుడో దాటిపోయింది, ఒక్క ఖాళీ కూడా చేర్చదు.

కనపడకుండా కొంప ముంచేది జీరో విడ్త్ నాన్ జాయినర్. 'లైనక్స్‌లో' అని టైపు చేసినప్పుడు పొల్లు నిలవడానికి కీబోర్డు దాన్ని మధ్యలో పెడుతుంది. అది ఉన్న ఫైలు పేరు, లేని ఫైలు పేరు లైనక్స్‌కు రెండు వేరు పేర్లు. 'గ్రెప్' దొరకలేదంటుంది, ట్యాబ్ నొక్కితే మాత్రం పేరు పూర్తవుతుంది. పేరును 'హెక్స్‌డంప్'కు పంపి, పెద్దక్షరం సీ ఆప్షన్ పెట్టి, ఈ2 80 8సీ అన్న మూడు బైట్లు ఉన్నాయేమో చూడండి.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3తో వచ్చే నల్ల తెరలో తెలుగు కోసం ప్రయత్నించకండి. కెర్నల్ కన్సోల్ ఫాంటులో 512 బొమ్మలకు మించి పట్టవు, షేపింగ్ అన్నదే లేదు. అక్కడ పని పడితే తెలుగు పేరున్న ఫైలును 'ఎల్ఎస్ -ఐ'తో వచ్చే ఐనోడ్ నంబరు చూసి, 'ఫైండ్ . -ఐనమ్' ఆ నంబరుతో పట్టుకుని పేరు మార్చుకోండి.